ఫైలులో రాయని పసుపు దారం

వనపర్తిలో మా ఇంటి మేడ మీద గదిలో ఒక అమ్మాయి అద్దెకుంటుంది. ఈ మధ్యనే ఏదో కంపెనీలో చేరింది. మొన్న శిక్షణ తరగతి నుంచి వచ్చి ఒక కొత్త మాట చెప్పింది. మేధో మూలధనం. ఉద్యోగుల బుర్రల్లో ఉన్న తెలివిని కంపెనీ పోగు చేసుకుంటే నీళ్ళు ఆదా అవుతాయట, కాలుష్యం తగ్గుతుందట, కంపెనీ నాలుగు కాలాలపాటు నిలబడుతుందట. "మీ రోజుల్లో ఇవన్నీ ఉండేవి కాదేమో అంకుల్" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, పాపం ఆమెకేం తెలుసు. ఆ మాట నేను గద్వాలలో పనిచేసే రోజుల్లోనే విన్నాను. విని ఊరుకున్నానా, దాన్ని నా చేతులతో అమలు చేశాను. ఆ పిల్లకు ఆ పూట చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే మీరందరూ చదవండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గద్వాల శివార్లలో ఒక పత్తి విత్తనాల ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజర్ని. చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు పండించిన విత్తన పత్తి, దూది తీసేశాక గింజగా మా దగ్గరికి వచ్చేది. గింజ మీద తెల్లటి నూగు మిగిలి ఉంటుంది. అలాగే విత్తితే గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పుచ్చేదో మంచిదేదో తెలియదు. అందుకని గింజల్ని డ్రమ్ములో పోసి యాసిడ్ కలిపి తిప్పుతాం. రెండు మూడు నిమిషాల్లో నూగు మాడిపోయి గింజ కాఫీ రంగుకు వస్తుంది. వెంటనే తీసి కడగాలి. ఆలస్యమైతే గింజ కూడా మాడుతుంది. కడగడం సరిగ్గా లేక యాసిడ్ కొంచెం మిగిలినా మాడుతుంది, కాకపోతే మెల్లగా, సంచిలో ఉండగా, ఎవరికీ కనపడకుండా మాడుతుంది. మీకు ఇంతవరకు తెలిస్తే చాలు.

కడిగే పని ఎనిమిది మంది ఆడవాళ్ళది. వాళ్ళ పెద్దను మేమంతా మేస్త్రమ్మ అని పిలిచేవాళ్ళం. నలభై దాటిన మనిషి, గద్వాల పక్క ఊరే. భర్త పోయాక కొన్నేళ్ళు వలస గుంపుతో దేశాలు తిరిగి మట్టి పని చేసి, ఇక తిరగలేనని ఈ తొట్ల దగ్గర కుదురుకుంది. చదువు లేదు. నోరు మాత్రం ఉంది. డ్రమ్ము ఆపరేటర్ ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే "ఏంది బిడ్డా, ఇత్తనం వేయిస్తున్నవా, శనిగెలు వేయిస్తున్నవా" అని అక్కడినుంచే అరిచేది.

అప్పట్లో కడిగే పద్ధతి ఏమిటంటే, ఐదు తొట్లలో ఐదుసార్లు కడిగి, ప్రతి ఘానికీ, అంటే డ్రమ్ములోంచి దిగే ప్రతి వాయికీ, ఐదు తొట్లూ గుమ్మరించి, కొత్త నీళ్ళు పట్టడం. ఆ పులుపు నీళ్ళన్నీ ప్లాంటు వెనక గుంతలోకి పోయేవి. గుంతలోంచి భూమిలోకి. వెనక పొలాల రైతుల బోర్లలో నీళ్ళు మారిపోయాయి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. వాళ్ళు వచ్చి గేటు దగ్గర గొడవ పెట్టేవాళ్ళు, మా మేనేజరు వాళ్ళకు చల్లటి మజ్జిగ ఇచ్చి పంపేవాడు. నేను కూడా ఆ మజ్జిగ గ్లాసులు అందించినవాణ్ణే, గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఒక ఎండాకాలం మా ప్లాంటు బోరే ఎండిపోయింది. ట్యాంకర్లు తెప్పించాం. ఊళ్ళో తాగడానికే నీళ్ళు లేవు, మాకు ట్యాంకర్లు ఎక్కడినుంచి వస్తాయి. నాలుగు రోజులు చూసి, ఇక ప్లాంటు మూసేద్దామని మేనేజరు అంటున్నప్పుడు మేస్త్రమ్మ తొట్ల దగ్గరినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సారూ, జర నా మాట ఇంటవా. మీరు గిన్ని నీళ్ళు ఉత్తగ పారబోస్తున్నరు. ఐదో తొట్టి నీళ్ళు తెల్లగనే ఉన్నయి గద. అవెందుకు పారబోసుడు?"

"మరేం చెయ్యాలి?"

"మా ఇంట్ల బోళ్ళు ఎట్ల తోముతమో గట్ల చెయ్యాలె. కడపటి గిన్నె కడిగిన నీళ్ళు మళ్ళ మొదటి గిన్నెకు పనికొస్తయి. మొదటి తొట్టి నీళ్ళు ఖరాబైతే అదొక్కటే పారబోయుండ్రి. రెండోది మొదట్లకు, మూడోది రెండోట్లకు, గట్ల వెనకనుంచి ముందుకు ఒంపుకుంట రావాలె. కొత్త నీళ్ళు ఐదో తొట్లనే పొయ్యాలె."

మేనేజరు నా వైపు చూశాడు. నేను వనపర్తిలో డిప్లొమా చదివినవాణ్ణి. ఈ పద్ధతి పాఠ్య పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. నాకు తట్టలేదు. బిందె నీళ్ళతో ఇల్లంతా గడుపుకునే మనిషికి తట్టింది.

రెండో పని కూడా ఆమే చేసింది. నాలుగో తొట్టిలో సున్నం నీళ్ళు ఉంటాయి, మిగిలిన పులుపును విరిచేది అవే. మేం సున్నం అంచనాగా వేసేవాళ్ళం. మేస్త్రమ్మ ఒక నూలు దారాన్ని పసుపు నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టి మణికట్టుకు చుట్టుకొచ్చేది. ప్రతి ఘానికీ ముందు ఒక ముక్క తెంపి నాలుగో తొట్టిలో ముంచేది. దారం ఎర్రబడితే సున్నం పనిచేస్తున్నట్టు. పసుపుగానే ఉండిపోతే సున్నం చచ్చినట్టు, ఇంకా వెయ్యాలి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని తెలియని ఆడవాళ్ళు మన దగ్గర ఎవరున్నారు. దాన్ని యాసిడ్ తొట్టి దగ్గర వాడుకోవాలని తట్టింది మాత్రం ఆమెకే. పారబోసే మొదటి తొట్టి నీళ్ళకు కూడా వెనక గుంతలో సున్నం కలిపించి, దారం ఎర్రబడ్డాకే బయటికి వదలనిచ్చేది.

ఆ ఎండాకాలం ప్లాంటు ఆగలేదు. రోజంతా ట్యాంకర్లు వరస కట్టాల్సిన చోట పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సరిపోయాయి. రెండో ఏటికి వెనక పొలాల్లో బర్రెలు మళ్ళీ నీళ్ళు తాగాయి. గేటు దగ్గర గొడవ పెట్టే రైతులే ఒకరోజు జొన్న కంకులు తెచ్చి మేస్త్రమ్మ గుంపుకు ఇచ్చి వెళ్ళారు. మేనేజరుకు కూడా నాలుగు పెట్టారు.

ఈ సంగతి హైదరాబాదు ఆఫీసుకు చేరింది. అక్కడినుంచి ఒక సలహాదారు వచ్చాడు. చక్కటి మనిషి, చక్కటి బూట్లు. గద్వాలలో ఒక హోటలు హాల్లో మాకందరికీ తరగతి తీసుకున్నాడు. అందరికీ అంటే సూపర్‌వైజర్లకీ ఆ పైవాళ్ళకీ. తొట్ల దగ్గరి వాళ్ళకు ఆ పూట పని ఉంది.

"ఈ కంపెనీ ఆస్తి ఏంటి? గోడలా? మెషీన్లా? కాదు. మనుషుల తలల్లో ఉన్న నాలెడ్జ్. అదే మేధో మూలధనం. అది రోజూ సాయంత్రం గేటు దాటి ఇంటికి వెళ్ళిపోతోంది. రేపు రాకపోతే? అందుకే దాన్ని కాగితం మీద పెట్టాలి. పెట్టిన రోజున ఈ ప్లాంటు నిజంగా సస్టెయినబుల్ అవుతుంది" అన్నాడు.

నాకు నచ్చింది. ఇప్పటికీ అందులో తప్పు మాట ఒక్కటీ లేదనే అంటాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కూలి మనిషి తలలో ఆస్తి ఉందని ఒక కోటు వేసుకున్నాయన చెప్పగా వినడం అదే మొదటిసారి. తలలో ఉన్నది తీసుకున్నాక ఆ తలతో పని లేదనుకుంటారని అప్పుడు నాకు తెలియదు.

రాసే పని నాకు అప్పగించారు. మూడు వారాలు స్టూలు వేసుకుని తొట్ల పక్కన కూర్చున్నాను. మేస్త్రమ్మ ఒక్కటీ దాచలేదు. నీళ్ళు ఎప్పుడు మార్చాలో, తేలిన గింజల్ని ఎందుకు తీసెయ్యాలో, చేతికి జిగురుగా తగిలితే ఏమిటో గరుకుగా తగిలితే ఏమిటో అన్నీ చెప్పింది. మధ్యలో ఒకసారి గుంపులోని ఒకామె, "అన్నీ రాయించుకుంటున్నరు, మనల్ని తీసేస్తరేమో పెద్దక్కా" అంది. మేస్త్రమ్మ నవ్వింది.

"ఎందుకు తీస్తరే. సారు మనూరి దిక్కు మనిషే గద. రాస్కోండి సారూ, చెప్తే అరిగిపోతదా."

నేను కూడా నవ్వాను. తీసేయడం ఏమిటి, పైగా జీతం పెంచుతారని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఇక నా తప్పు. తెలుగులో రాసుకున్న నోట్సును ఇంగ్లీషులో చక్కగా రాయాలి. పసుపు దారం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. కంపెనీలోని పెద్దవాళ్ళంతా చదివే ఫైలు. అందులో పసుపు పూసిన దారం, అది ఎర్రబడటం. సలహాదారు నవ్వుతాడేమో అనిపించింది. ఈయనేదో గద్వాల మనిషి, పూజ సామాను కూడా రాశాడంటాడేమో అనిపించింది. దారం బదులు లిట్మస్ కాగితమని రాద్దామంటే, కంపెనీ వాటిని కొనిపెడుతుందన్న నమ్మకం లేదు, అడిగినప్పుడల్లా చూద్దామనేవాళ్ళు. చివరికి ఆ పేరా మొత్తం కొట్టేశాను. ఆమె రోజూ వేసే సున్నం తూకం వేసి, ఒక తొట్టికి ఇన్ని కిలోలు అని ఒక అంకె రాసేశాను. ఫైలు చూడముచ్చటగా తయారైంది. డిప్లొమా చదివిన నేను పసుపుకు సిగ్గుపడ్డాను. అంతకు మించి దానికి కారణం లేదు.

ఆ ఫైలుకు హైదరాబాదులో బహుమతి వచ్చింది. పర్యావరణం కాపాడినందుకు ఒక షీల్డు. మేనేజరూ సలహాదారూ వేదిక మీద నిలబడ్డ ఫొటో మా ఆఫీసు గోడకు ఎక్కింది. పక్కనే తొట్ల ఫొటో ఒకటి. ఐదు తొట్లూ కడిగి వరసగా పెట్టి తీయించారు. మనుషులు అడ్డం రాకుండా చూసుకున్నారు.

తర్వాతి సీజనుకు ముందు మేస్త్రమ్మ మేనేజరు గదికి వచ్చి ఎనిమిది మందికీ చేతి తొడుగులు అడిగింది. వాళ్ళ వేళ్ళు నేను చూశాను. గోళ్ళ చుట్టూ చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉండేది. అన్నం కలుపుకుంటే మంట అని చెంచాతో తినేవాళ్ళు. అవార్డు వచ్చింది కదా, ఇప్పుడైనా ఇస్తారని అడిగింది. మేనేజరు సరే చూద్దాం అన్నాడు. వారం తిరక్కుండానే ఎనిమిది మందినీ రావద్దన్నారు. ఒక కాంట్రాక్టరు వేరే మనుషుల్ని తెచ్చాడు.

నేను మేనేజరు గదికి వెళ్ళాను.

"ఎందుకు సార్ తీసేశారు? పని తెలిసినవాళ్ళు."

"పని ఇప్పుడు మనకు తెలుసు కదండీ. మీరే రాశారు. ఇవాళ గ్లోవ్స్ అంటారు, రేపు ఇంకొకటి అంటారు. నాలెడ్జ్ ఒకరి చేతిలో ఇరుక్కుపోతే కంపెనీకి రిస్క్. ఇప్పుడు ఎవరొచ్చినా ఫైలు చూసి చెయ్యొచ్చు."

నేను రాసిన ఫైలు ఆయన టేబులు మీదే ఉంది. నేను బయటికి వచ్చేశాను. గట్టిగా ఒక మాట అనాల్సింది. అనలేదు. మేస్త్రమ్మ గేటు దగ్గర సద్ది డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఆమె గుంపులోనే ఒకామె మాత్రం, "రాసినవు గద సారూ" అని తల పక్కకు తిప్పుకుంది.

కొత్త మనుషులు చెడ్డవాళ్ళు కాదు. ఫైలులో ఉన్నది ఉన్నట్టే చేశారు. నేను చదివి వినిపించిన కిలోలు తూకం వేసి మరీ తొట్టిలో వేశారు. కానీ ఆ ఏడాది సున్నం సంచులు వానాకాలమంతా షెడ్డులో తేమలో ఉన్నాయి. సున్నం చచ్చింది. మేస్త్రమ్మ ఉంటే మొదటి ఘానికే దారం పసుపుగా మిగిలేది, సంచులన్నీ బయటికి విసిరించేది. ఫైలులో దారం లేదు. మొలక పరీక్షలో ఆ గింజలు బాగానే మొలిచాయి, ఎందుకంటే పరీక్ష వెంటనే చేశాం. సంచుల్లోకి ఎక్కాక మిగిలిన పులుపు తన పని తాను చేసుకుపోయింది.

ఆ విత్తనం నాగర్‌కర్నూల్ వైపు వెళ్ళింది. ఉప్పునుంతల, బల్మూరు మండలాల్లో తొలకరికి విత్తారు. వారం పది రోజులకు బల్మూరు నుంచి ఒక రైతు రెండు బస్సులు మారి మా ప్లాంటుకు వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి మేనేజరు టేబులు మీద విప్పాడు. మట్టితో సహా తవ్వుకొచ్చిన గింజలు. ఉబ్బి, నల్లబడి, వేలితో నొక్కితే పిండిలా పోయాయి.

"లోతుగా వేసి ఉంటారు. లేదంటే వాన తక్కువై ఉంటుంది" అన్నాడు మేనేజరు.

"నేను పుట్టి పెరిగింది చేన్లనే సారూ, ఎంత లోతు వెయ్యాల్నో మాకు తెల్వదా. మా తమ్ముడు పక్క చేన్ల వేరే ఇత్తనం పెట్టిండు. రెండాకులు వేసి లేస్తున్నది. అదే వాన, అదే మన్ను. ఏమైందో చెప్పుండ్రి. నేల పదును పోతున్నది, మల్ల విత్తుకోవాలె గద."

అతను అరవలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు. ఆ వెనక ఇంకా చాలామంది వచ్చారు, వాళ్ళు అరిచారు. వ్యవసాయ అధికారి విచారణకు వస్తున్నానని కబురు పంపాడు.

విచారణకు ముందు రోజు మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఏముందంటే, ఈ విత్తనం తయారీలో పొరపాటు ఏదైనా ఉంటే అది మునుపటి వాషింగ్ గుంపు నిర్లక్ష్యం వల్ల జరిగింది, ఆ గుంపును ఇప్పటికే తొలగించాం. కింద సూపర్‌వైజర్ సంతకానికి గీత గీసి ఉంది.

"ఇది అబద్ధం కదా సార్. ఈ విత్తనం వాళ్ళు కడగలేదు."

"కొంత పాత స్టాకు వాళ్ళు కడిగిందే కదా. కలిసి ఉండొచ్చు. ఆమెకేం పోతుందండీ, ఎలాగూ ఇక్కడ లేదు."

ఆమెకేం పోతుంది. గద్వాలలో విత్తన ప్లాంటు అంటే మాదొక్కటే కాదు. ఇత్తనం ఖరాబు చేసిన గుంపు అని ఒక్కసారి పేరుపడితే ఇక ఏ గేటు లోపలికీ రానివ్వరు. మళ్ళీ తట్టా పలుగూ పట్టుకుని బొంబాయో పూనానో బస్సెక్కాలి. ఎనిమిది ఇళ్ళు. నేను సంతకం పెట్టలేదు. చించెయ్యలేదు కూడా. ఆలోచించుకుంటానని జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను.

పొద్దున్నే సైకిలు మోటారు మీద మేస్త్రమ్మ ఊరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె ఊరి పక్క చెరువు పూడిక పనిలో ఉంది. మొత్తం విని, తట్ట కింద పెట్టి, "నడువ్ సారూ" అంది. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆపమని పసుపు పొట్లం కొంది.

విచారణ తొట్ల దగ్గరే జరిగింది. వ్యవసాయ అధికారి కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ రైతులు. మేనేజరు ఫైలు తెరిచి, "మాది అవార్డు వచ్చిన పద్ధతి సార్. ప్రతి స్టెప్పూ ఇందులో ఉంది. చదువురాని లేబరు దీన్ని పాటించకపోతే మేమేం చెయ్యగలం" అన్నాడు. ఆమె పక్కనే నిలబడి ఉందని తెలిసే అన్నాడు.

మేస్త్రమ్మ అధికారికి దండం పెట్టింది.

"సారూ, నాకు సదువు రాదు. ఆ ఫైలు ఏం చెప్తదో నాకు తెల్వదు. జర ఆ సున్నం తెప్పిస్తరా."

షెడ్డులోంచి సున్నం సంచి తెచ్చి, ఫైలులో రాసినన్ని కిలోలు తూకం వేసి, నీళ్ళు నింపిన నాలుగో తొట్టిలో కలిపారు. ఆమె కొంగు చివర్లోంచి దారం ఒకటి లాగి, పసుపు తడిపి అందులో ముంచింది. పసుపుగానే వచ్చింది. బజారులోంచి అప్పటికప్పుడు తెప్పించిన కొత్త సున్నం ఒక చెంబు నీళ్ళలో కలిపి ఇంకో దారం ముంచింది. రక్తంలా ఎర్రబడింది. రెండు దారాలూ అధికారి అరచేతిలో పెట్టింది.

"ఈ సున్నంల పానం లేదు సారూ. ఎన్ని కిలోలు ఏస్తే ఏముంది."

బల్మూరు రైతు ముందుకు వచ్చి ఆ దారాల్ని చాలాసేపు చూశాడు. అధికారి మేనేజరును అడిగాడు, "ఈ పరీక్ష మీ ఫైలులో ఎక్కడుంది?" మేనేజరు కాగితాలు తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు నేను చెప్పాను. ఆ పద్ధతి మొత్తం ఈమెదే అని, దారం సంగతి నేను మొదట రాసి, సిగ్గుపడి కొట్టేశానని, ఈ విత్తనం కడిగే నాటికి ఈ గుంపు ఇక్కడ లేదని. జేబులోని కాగితం కూడా తీసి ఇచ్చాను. 

కంపెనీ ఆ రైతులకు వేరే విత్తనం ఇచ్చింది. సగం మందికి అప్పటికే పదును దాటిపోయింది, వాళ్ళు ఆముదం వేసుకున్నారు. పోయిన తొలకరిని ఎవరు తెచ్చిస్తారు. మేస్త్రమ్మ గుంపును తిరిగి పిలిచారు. "రెండు దినాలు వచ్చి నేర్పిపో అంటే రాను, ఎనిమిది మందిమి వస్తం, చేతులకు తొడుగులు కావాలె" అంది. మేనేజరు నా దగ్గర పళ్ళు నూరాడు. "మన నాలెడ్జితో మనకే బేరం పెడుతోంది చూశారా" అన్నాడు. మన నాలెడ్జి. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆ తల మాది కాదు, ఆ చేతులు మావి కావు, కాలిన చర్మం మాది కాదు. నాలెడ్జి మాత్రం మాది. అయినా సీజను ముంచుకొచ్చింది కాబట్టి ఒప్పుకున్నారు. తొడుగులు కూడా వచ్చాయి.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడిగా మిగిలిపోతాను. కానీ ఆపకూడదు.

ఫైలును తిరగరాయించారు. ఈసారి దారం అందులోకి ఎక్కింది, సహజ సూచిక అనే పేరుతో. గేటు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు రాయించారు. నీటి పొదుపు, పర్యావరణ రక్షణ, మా సాంకేతిక బృందం రూపొందించిన విధానం. మధ్యాహ్నం అన్నం వేళ మేస్త్రమ్మ వచ్చి బోర్డు కింద నిలబడింది.

"ఏమని రాసిన్రు సారూ?"

చదివి వినిపించాను.

"సాంకేతిక బృందం అంటే ఎవలు?"

"ఆఫీసు వాళ్ళు."

"మేం లేమా?"

"లేరు."

ఆమె సద్ది డబ్బా పట్టుకుని గుంపు దగ్గరికి వెళ్ళింది. మర్నాడు పొద్దున వచ్చేసరికి బోర్డు కింద గోడ మీద ఎనిమిది ఎర్రటి అరచేతులు ఉన్నాయి. పసుపూ సున్నమూ కలిపి అద్దినవి. ఆరిన చోట వేళ్ళ గీతలు కూడా తెలుస్తున్నాయి. ఒక చేతికి చూపుడు వేలు సగమే ఉంది, అది ఆ రోజు గేటు దగ్గర నన్ను చూసి తల తిప్పుకున్నామెది. మా దగ్గర చదువు రానివాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేస్తారు. వీళ్ళు చెయ్యి మొత్తం వేశారు. నాకు చాలా సంతోషమైంది. చెప్పుకోదగిన పని ఒకటి ఈ ప్లాంటులో జరిగిందనిపించింది.

పది గంటలకు మేనేజరు కారు దిగి గోడ చూశాడు. రేపు హైదరాబాదు నుంచి అతిథులు వస్తున్నారు. నన్ను పిలిచి, "ఇది సాయంత్రంలోగా క్లీన్ చేయించండి" అన్నాడు. విచారణలో అంతమంది ముందు నిలబడి మాట్లాడినవాణ్ణి. ఆ ఊపులో ఈ మాట కూడా చెప్పెయ్యాల్సింది. అది వాళ్ళ సంతకం సార్, ఉండనివ్వండి అని. నాకు అప్పటికి సర్వీసు ఇంకా నాలుగేళ్ళుంది. విచారణ తర్వాత నా మీద చూపు పడిందని తెలుసు. ఒకసారి నిజం మాట్లాడినవాడికి రెండోసారి అదే సులువుగా వస్తుందని మీరు అనుకోకండి. నాకు రాలేదు. బజారులోని పెయింటరుకు నేనే ఫోను చేశాను. డబ్బా ఏ రంగు తేవాలో కూడా నేనే చెప్పాను.

మర్నాడు గోడ తెల్లగా ఉంది. మేస్త్రమ్మ షిఫ్టుకు వచ్చి గేటు దగ్గర ఆగింది. గోడ వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎవలు తుడిపించిన్రు సారూ, మేనేజరా?"

"నేనే" అన్నాను.

ఆమె గేటు దాటి లోపలికి వచ్చింది. తర్వాత మణికట్టు మీది దారం తెంపుకుంటూ తొట్ల వైపు నడిచింది. నాలుగో తొట్టిలో ముంచి పైకెత్తి చూసి, "సున్నం మంచిదే, ఇత్తనం తెండ్రి" అని గుంపుకు చెప్పింది. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా పని మాట తప్ప ఆమె నాతో ఇంకొక మాట మాట్లాడలేదు.